నటి ఆత్మకథలో నిర్మొహమాటం: భానుమతి ‘నాలో నేను’ నుంచి ఉద్దానం నాటకవేదిక దాకా

వ్యాససంగ్రహం

నటీమణుల ఆత్మకథలను రహస్యాల కోసం చదవడం పాఠకలోకానికి అలవాటు. భానుమతీ రామకృష్ణ ‘నాలో నేను’ను అలా చదివితే దక్కేది తక్కువ. ఆమె నిర్మొహమాటం పడకగదికి సంబంధించినది కాదు, పనికీ, వేళకూ, అధికారానికీ సంబంధించినది. ఆ నిర్మొహమాటానికి ఆధారం ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాళ్ళకూరి నారాయణరావు సృష్టించిన కాళింది, చింతామణి పాత్రలను దారిగా చేసుకొని, అదే చింతామణి వేషాన్ని ఉద్దానం తీరగ్రామాలలో కట్టే నటి ఎందుకు మాట్లాడలేకపోతున్నదో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆత్మకథ, భానుమతి, నాలో నేను, చింతామణి, పద్యనాటకం, నిర్జన వారధి, ఉద్దానం.

1. రహస్యం కోసం చదవడం

కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ మొదలుకొని తెలుగులో ఆత్మకథలకు కొదవ లేదు. సంస్కర్తలు, కవులు, రాజకీయ నాయకులు తమ జీవితాలను గ్రంథస్థం చేశారు. స్త్రీల ఆత్మకథలు ఆలస్యంగా వచ్చాయి. ఏడిదము సత్యవతి రచన 1934 నాటిది. నటీమణుల ఆత్మకథలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా సాహిత్య విమర్శ గడప తొక్కలేదు. గ్రంథాలయంలో వాటిని ‘సినిమా’ అన్న అరలో పెడతాం. స్త్రీల ఆత్మకథలపై పరిశోధన చేసే విద్యార్థి ఆ అర దగ్గర ఆగడు.

ఆగిన పాఠకుడు కూడా ఒక నిర్దిష్టమైన ఆశతోనే పుస్తకం తెరుస్తాడు. పురుషుని ఆత్మకథలో మనం వెతికేది ఆయన చేసిన కార్యం. నటి ఆత్మకథలో వెతికేది ఆమె దాచిన విషయం. ఎవరిని ప్రేమించింది, ఎవరు మోసం చేశారు, సంసారం ఎలా సాగింది అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే ‘నిర్మొహమాటంగా రాసింది’ అంటాం, దొరకకపోతే ‘దాటవేసింది’ అంటాం. ఈ కొలబద్ద ఆత్మకథకన్నా పాఠకుని గురించే ఎక్కువ చెబుతుంది.

పొరుగు భాషల అనుభవమూ ఇదే. మరాఠీ నటి హంసా వాడ్కర్ చెప్పిన జీవితకథ ‘సాంగత్యే ఐకా’ ఆధారంగా శ్యామ్ బెనెగల్ 1977లో ‘భూమిక’ తీశారు. ఆ కథ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆమె జీవితంలోకి వచ్చిన పురుషులు. చిన్ననాటినుంచి ఆమె సంపాదన మీద బతికిన కుటుంబం రెండవ స్థానానికి పోతుంది. వంగరంగస్థల నటి బినోదినీ దాసి ‘అమార్ కథా’లో అన్నిటికన్నా మండే గాయం ప్రేమకు సంబంధించినది కాదు. ఏ నాటకశాల కోసం ఆమె తన్ను తాను తాకట్టు పెట్టుకున్నదో, ఆ శాలకు తన పేరు పెడతామని నమ్మించి చివరికి ‘స్టార్’ అని నమోదు చేయించారు. అది 1883 నాటి మాట. నటి నిర్మొహమాటం ఎక్కడ ఉంటుందో బినోదిని అప్పుడే చూపింది: పని చేసింది నేను, పేరు ఎవరిది?

భానుమతి పుస్తకాన్ని ఈ ప్రశ్నతో చదవాలని నా ప్రతిపాదన.

2. కాళింది నుంచి సుజాత దాకా

ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతికి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతం నేర్పించారు. పదమూడేళ్ళ ప్రాయంలో ఆమె చి.పుల్లయ్య దర్శకత్వంలో ‘వరవిక్రయం’ (1939)లో కాళిందిగా నటించారు. చిత్రనిర్మాణం కలకత్తాలో జరిగింది. ఆ రోజుల్లో తెలుగు నటీనటులను కలకత్తా స్టూడియోలకు చేర్చిన రైలుదారి మన పలాస మీదుగానే సాగుతుంది. ఆ దారిలో ఎందరు బాలికలు తండ్రుల పక్కన కూర్చొని వెళ్ళారో లెక్క రాసినవారు లేరు.

కూతురిని సినిమాకు పంపిన తండ్రి ఒక షరతు పెట్టారు: కథానాయకుడు ఆమెను తాకరాదు, కౌగిలింతల దృశ్యాలు ఉండరాదు. ఈ షరతును మనం ఇప్పుడు చాదస్తంగా చూసి నవ్వుకుంటాం. కానీ అది ఒక ఒప్పందపు నిబంధన. నటి శరీరం ఎంతవరకు పనికి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్న హద్దును పని మొదలుకాకముందే నిర్ణయించిన నిబంధన. పిల్ల తరఫున తండ్రి గీసిన ఆ గీతను తర్వాతి కాలంలో భానుమతి స్వయంగా గీయడం నేర్చుకున్నారు. ఆమె ‘పొగరు’ అని లోకం పిలిచినది చాలావరకు ఈ గీతే.

‘కృష్ణప్రేమ’ (1943) నిర్మాణ సమయంలో సహాయ దర్శకుడు పి.ఎస్.రామకృష్ణారావును ఆమె ఇష్టపడ్డారు. అదే ఏడు ఆగస్టు 8న వివాహం జరిగింది. తండ్రికి తొలుత సమ్మతం కాని పెళ్ళి అది. గీత గీసిన తండ్రిని కాదని కూతురు తన గీత తాను గీసుకున్న మొదటి సందర్భం కూడా అదే. పెళ్ళి తర్వాత నటన మాని మధ్యతరగతి ఇల్లాలిగా బతకాలనుకున్నానని భానుమతి అనేక పర్యాయాలు చెప్పుకున్నారు. ఈ మాటను విమర్శకులు రెండు విధాలుగా తోసిపుచ్చవచ్చు. గృహిణీత్వ భావజాలానికి లొంగిందని ఒకరు, గౌరవం కోసం అలా చెప్పుకుందని మరొకరు. నాకు మాత్రం అది ఒక కార్మికురాలి మాటగా వినిపిస్తుంది. పదమూడేళ్ళనాడు తన ప్రమేయం లేకుండా మొదలైన పనిని పద్దెనిమిదేళ్ళకు తన ఇష్టంతో మానదలచుకోవడం అది.

మానలేదు. బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ (1945) ఆమెను వెనక్కి తెచ్చింది. అందులో ఆమె వేసిన వేషమేమిటి? వీధుల్లో ఆడిపాడే పిల్ల నాటకాల నటి సుజాతగా ఎదిగి, ఒక సంసారాన్ని కూలుస్తుంది. ఇల్లాలు కాదలచిన నటి తెరమీద ఇల్లు కూల్చే నటి అయింది. ‘ఓహో పావురమా’ పాటతో ఆంధ్రదేశం ఆమెను గుండెకు హత్తుకుంది. ప్రేక్షకులు ఇల్లాలు కల్యాణి పక్షాన కన్నీరు కార్చి, ఇంటికి వచ్చి సుజాత పాట పాడుకున్నారు. నటిని లోకం ఎలా ప్రేమిస్తుందో, ఆ ప్రేమలో ఎంత అనుమానం ఉందో చెప్పడానికి ఈ ఒక్క చిత్రం చాలు.

3. వేళ తప్పడం

‘మిస్సమ్మ’ (1955) ఉదంతం సినీచరిత్రలో పలువురు పలుమార్లు చెప్పినదే. ఆ చిత్రంలో మొదట కథానాయిక భానుమతి. కొన్ని రీళ్ళు తీశారు. ఒకనాడు ఆమె వరలక్ష్మీ వ్రతం కారణంగా ఆలస్యంగా వచ్చారు. నిర్మాత చక్రపాణి క్షమాపణ పత్రం అడిగారు. ఆమె ఇవ్వలేదు. తీసిన రీళ్ళను పక్కన పడేసి, ఆ వేషం సావిత్రికి ఇచ్చారు. చక్రపాణి ఆ రీళ్ళను తగలబెట్టించారని కూడా కథనం ఉంది.

ఈ కథను మనం ఇద్దరు అహంకారుల పోరుగా చెప్పుకొని ఆనందిస్తాం. ఇందులో రెండు కాలమానాలు ఢీకొన్నాయన్నది గమనించం. స్టూడియోకు గడియారం ఉంది. ఇంటికీ ఒక గడియారం ఉంది, దానిని తిప్పే బాధ్యత ఇల్లాలిది. శ్రావణ శుక్రవారం పూజకు కూర్చోవలసినది ఆమె, తొమ్మిది గంటలకు రంగు పూసుకొని దీపాల ముందు నిలవవలసినదీ ఆమె. నటునికి ఈ చిక్కు లేదు, అతని వ్రతం అతని భార్య చేస్తుంది. ఇంతకూ ‘మిస్సమ్మ’ కథ ఏమిటి? ఉద్యోగం కోసం లేని మొగుణ్ణి ఉన్నట్టు నటించే స్త్రీ కథ. ఉన్న సంసారం కోసం ఉద్యోగానికి ఆలస్యమైన స్త్రీ ఆ వేషాన్ని పోగొట్టుకుంది.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలకు వెళ్ళే తల్లుల బిడ్డలున్న తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడు విద్యార్థినులు అడిగిన మొదటి ప్రశ్న వ్రతం గురించి కాదు, అహంకారం గురించీ కాదు. అప్పటిదాకా చేసిన పనికి డబ్బులిచ్చారా అని. జీడిపెంకులోని నూనె చేతుల చర్మాన్ని కాలుస్తుందనీ, కూలి కిలో లెక్కన కడతారనీ తెలిసిన పిల్లలకు ఆ ప్రశ్న సహజంగా తోచింది. సినీ వ్యాసాలు రాసిన మనకు తోచలేదు.

ఆ ఉదంతం వల్ల సావిత్రి వంటి నటి వెలుగులోకి వచ్చిందని భానుమతి తర్వాత సంతోషంగానే చెప్పుకున్నారని ప్రతీతి. ఆ ఔదార్యం నిజమే కావచ్చు. కానీ ఔదార్యానికి ఒక పునాది ఉంది. అప్పటికే ఆమెకు భరణి సంస్థ ఉంది. భర్తతో కలిసి ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ నిర్మించారు. ‘చండీరాణి’ (1953)ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో స్వయంగా దర్శకత్వం వహించి విడుదల చేశారు. ‘చక్రపాణి’ (1954) అని పేరు పెట్టి ఒక హాస్యచిత్రాన్నే తీశారు, దానికి సంగీతమూ ఆమెదే. క్షమాపణ పత్రం రాయకపోయినా పూట గడిచే నటి కనుకనే ఆమె రాయలేదు. ఇది ఆమె ఆత్మగౌరవాన్ని తగ్గించే మాట కాదు. ఆత్మగౌరవానికి ఆస్తి ఎంత అవసరమో చెప్పే మాట.

‘నాలో నేను’కు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో సినిమాపై ఉత్తమ గ్రంథంగా స్వర్ణకమలం లభించింది. ఆ గ్రంథపు ధైర్యం గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ ధైర్యాన్ని నిలబెట్టిన సొంత బోర్డు, సొంత స్టూడియో, సొంత కలం గురించి కూడా అంతే చెప్పుకోవాలి.

4. అత్తగారి చాటున

ఆత్మకథలో ఇమడనిది కథల్లోకి వెళ్ళింది. ‘అత్తగారి కథలు’లో కథ చెప్పేది కోడలు. మడి, ఆచారం, పట్టుదల, అమాయకత్వం కలగలిసిన అత్తగారు కేంద్రం. సినిమాలో భానుమతి తర్వాతి కాలమంతా గయ్యాళి అత్తగానో, గడుసు బామ్మగానో వెలిగారు. ‘మంగమ్మగారి మనవడు’ (1984) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కాగితం మీద మాత్రం ఆమె కోడలే. ఇంట్లో అధికారం ఎలా చేతులు మారుతుంది, కోడలు నోరు విప్పకుండానే ఎలా గెలుస్తుంది అన్నది ఆ కథల్లో హాస్యపు పూతతో ఉంది. సంసారం గురించి ఆమె నిర్మొహమాటం చూడదలచినవారు ఆత్మకథను కాదు, ఈ కథలను చదవాలి. హాస్యరచన అని వీటిని పక్కకు పెట్టడం విమర్శ చేసిన పొరపాటు. ఈ అంశం ప్రత్యేక వ్యాసానికి తగినది, ఇక్కడ ఇంతకన్నా విస్తరించడం లేదు.

5. ఒకే వేషం, మూడు శరీరాలు

‘వరవిక్రయం’ రచయిత కాళ్ళకూరి నారాయణరావే ‘చింతామణి’ కర్త. వరకట్నం మీద ఒకటి, వేశ్యావృత్తి మీద ఒకటి, మద్యపానం మీద ‘మధుసేవ’ ఒకటి, ఈ మూడు నాటకాలూ సంస్కరణ దృష్టితో రాసినవే. కట్నానికి అమ్ముడుపోవడం సహించక ప్రాణం విడిచే కాళిందిగా తెరమీదకు వచ్చిన భానుమతి, 1956లో భరణి సంస్థ నిర్మించిన ‘చింతామణి’లో టైటిల్ పాత్ర పోషించారు. దర్శకుడు భర్త రామకృష్ణ, బిల్వమంగళుడు ఎన్.టి.రామారావు. ఆ వేషం వేసినందుకు భానుమతి మర్యాదకు లోటు రాలేదు. నిర్మాణసంస్థ ఆమెది, దర్శకుడు ఆమె భర్త, మొదటి షరతు ఆమె తండ్రిది.

అంతకుముందే రంగస్థలం మీద చింతామణికి పేరు తెచ్చినవారు స్థానం నరసింహారావు. స్త్రీపాత్రధారణలో ఆయన ప్రతిభకు 1956లో పద్మశ్రీ లభించింది. తన అనుభవాలను ఆయన ‘నటస్థానం’గా రాశారు. ఆ గ్రంథాన్ని మనం నటనాశాస్త్ర పాఠంగా చదువుతాం: చీర కుచ్చిళ్ళు ఎలా సర్దాలి, ఓరచూపు ఎంతసేపు నిలపాలి. వేశ్యపాత్ర వేసిన పురుషుని శీలాన్ని ఎవరూ విచారించరు. వేషం తీసేయగానే ఆయన నరసింహారావుగారు.

మూడవ శరీరం ఉద్దానం తీరంలోని నటిది. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న గ్రామాలలో అమ్మవారి సంబరాలకూ పండుగలకూ రాత్రంతా పద్యనాటకం ఆడించడం పాత సంప్రదాయం. పురుషపాత్రలు ఊరివారే కట్టినా, స్త్రీపాత్రకు మాత్రం పట్టణం నుంచి కళాకారిణిని మాట్లాడుకుంటారు. ఆమె హార్మోనిస్టుతో పాటు సాయంత్రం బస్సు దిగుతుంది, రిహార్సలు లేకుండానే ఊరి బిల్వమంగళునితో పద్యం కలుపుతుంది, తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళిపోతుంది. ఆ ఒక్క రాత్రికే ఒప్పందం. ఏ పద్యానికి ‘వన్స్‌మోర్’ పడుతుందో, ఏ సందర్భంలో ఎవరు నోటు పట్టుకొని వేదికెక్కుతారో ఆమెకు తెలుసు.

చింతామణి నాటకంలో ఆమెకు అసలు పరీక్ష పద్యాలది కాదు. సుబ్బిశెట్టి ఘట్టంలో కాళ్ళకూరి రాయని సంభాషణలు తరతరాలుగా పోగుపడ్డాయి. హాస్యనటుడు అప్పటికప్పుడు అల్లే ద్వంద్వార్థాలకు ఆమె అప్పటికప్పుడే జవాబివ్వాలి. తగ్గితే ‘ఆర్టిస్టు బాగులేదు’ అంటారు, హెచ్చితే ‘ఆమె అంతే’ అంటారు. తండ్రి పెట్టిన షరతు ఆమెకు లేదు, సొంత బోర్డు లేదు. క్షమాపణ పత్రం రాయనని చెప్పే వీలు అసలే లేదు. సంబరం కమిటీ మరుసటి ఏడు మరొకరిని మాట్లాడుకుంటుంది.

2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు చేసిన అభ్యంతరం దీనికి నేపథ్యం. విషయం హైకోర్టుకు చేరింది. అప్పటి చర్చలో ఒక సామాజిక వర్గపు గౌరవం ఉంది, కాళ్ళకూరి సాహిత్యగౌరవం ఉంది, భావప్రకటనా స్వేచ్ఛ ఉంది, కళాకారుల జీవనోపాధి ఉంది. ఇవన్నీ ఉండవలసినవే. కానీ వేదిక మీద ఆ మాటలు ప్రతి రాత్రీ తన శరీరం మీద పడగా నిలబడి నవ్విన నటి ఏమనుకుంటున్నదన్నది దాదాపు వినిపించలేదు. ఆ బూతు పోయినందుకు ఆమె సంతోషించిందా? పూట పోయినందుకు ఏడ్చిందా? రెండూ ఒకేసారి జరిగి ఉండవచ్చు. ఆ రెండింటినీ కలిపి చెప్పగల వాక్యం ఆమె నోటనే రావాలి, మనం రాసిపెట్టలేం.

6. నటిని మరచి చదవడం

‘నటి మాట్లాడితే వింటాం’ అని మనం అనుకోవచ్చు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటి చూపక తప్పదు. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ (2012) ఈ ప్రాంతంలో విస్తారంగా చదివిన పుస్తకం. కారణం స్పష్టమే. పలాస పక్కనున్న బొడ్డపాడు శ్రీకాకుళ సాయుధ పోరాట జ్ఞాపకం ఇంకా ఆరని ఊరు. జముకులకథను ఉద్యమగళంగా మార్చిన సుబ్బారావు పాణిగ్రాహి అక్కడివారే. 1969 డిసెంబరులో ఆయనతో పాటు ప్రాణాలు కోల్పోయినవారిలో పంచాది నిర్మల ఉన్నారు. ఈ నేల మీద ‘నిర్జన వారధి’ని ఉద్యమపత్రంగా, తల్లి శోకంగా, కొండపల్లి సీతారామయ్య విడిచిన భార్య కథగా చదువుతారు. అవన్నీ అందులో ఉన్నాయి. బాల్యవైధవ్యం, పునర్వివాహం, అజ్ఞాతవాసం, ఎడబాటు, నడివయసులో మళ్ళీ చదువు, కాకినాడలో హాస్టలు ఉద్యోగం, కొడుకునూ కూతురినీ పోగొట్టుకోవడం, వార్ధక్యంలో తనను చూడాలని కబురంపిన సీతారామయ్యతో భేటీ. తొంభై దాటిన వయసులో ఇంత తొణకని గొంతుతో చెప్పడం తెలుగులో అరుదు.

కానీ ఆమె ప్రజానాట్యమండలి కళాకారిణి. వేదికలెక్కి పాడింది, వేషం కట్టింది. మర్యాదస్తుల ఇళ్ళ స్త్రీలు నాటకమాడడమే వింతగా ఉన్న 1940లలో అది చిన్న సాహసం కాదు. భానుమతి తెరమీద సుజాతగా ఇల్లు కూలుస్తున్న ఏళ్ళలోనే కోటేశ్వరమ్మ ఊరూరా ఉద్యమం కోసం పాడుతున్నారు. ఇద్దరి మధ్య ఏడేళ్ళ తేడా. ఒకరికి వేదిక సొంతమైంది, మరొకరికి వేదిక పార్టీది. పార్టీ అవసరం మారగానే వేదికా మారింది. ఆత్మకథను వ్యాఖ్యానించిన మనమూ ఆమెను తల్లిగా, భార్యగా, సాక్షిగా చూశాం కానీ నటిగా చూడలేదు. సినీతార విషయంలో పనిని మరచి వ్యక్తిగత జీవితాన్ని వెతికాం, ఉద్యమ కళాకారిణి విషయంలోనూ సరిగ్గా అదే చేశాం. ‘నిర్జన వారధి’పై వచ్చే సిద్ధాంతవ్యాసం ఏదైనా ఆమె గొంతు గురించి, ఆమె వేసిన వేషాల గురించి ఒక అధ్యాయం రాస్తే, ఆ పుస్తకంలోని ఒంటరితనం మరింత అర్థమవుతుంది. ఆమె పోగొట్టుకున్నది సంసారం ఒక్కటే కాదు.

ఇక ఉద్దానం పద్యనాటక నటికి భరణీ లేదు, పార్టీ లేదు, ప్రచురణకర్త లేడు. మౌఖిక చరిత్ర పద్ధతిలో ఆమె అనుభవాన్ని సేకరించే పని ఈ జిల్లాలోని తెలుగు శాఖలు చేపట్టదగినది. అయితే ఒక హెచ్చరిక అవసరం. మన పరిశోధకుల ప్రశ్నావళి సాధారణంగా కులం, వివాహం, పిల్లలు, కష్టాలు అన్న వరుసలో ఉంటుంది. ఆ వరుసలో అడిగితే ఆమె కూడా అలవాటైన కన్నీటి కథే చెబుతుంది, ఎందుకంటే అడిగేవారికి అదే కావాలని ఆమెకు చిరకాలంగా తెలుసు. ఏ హార్మోనిస్టు శ్రుతి హెచ్చుగా పెడతాడు, కొత్త ఊళ్ళో పద్యం ఎలా అందుకుంటావు, ఒప్పుకున్న సొమ్ములో ఎంత చేతికొస్తుంది, సుబ్బిశెట్టి అతిగా పోతే ఏ మాటతో ఆపుతావు అని ముందు అడగాలి.